పొయ్యి మీది పంట

లారీ దిగిన డాక్టర్ షెన్ చంకలో పెద్ద కవరొకటి ఉందనీ, దాని మీద మా అత్త పేరు రాసి ఉందనీ చెప్పి పోయిన వారం నోరు మూసుకున్నాను. ఆ కవర్లో ఏముందోనని మీరు ఒక్క వారమే ఎదురు చూశారు. నేను నెల రోజులు చూశాను.

ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు యుంజీ. షాబా ఊరికి డాక్టర్ని. డాక్టరంటే ఏదో పెద్ద చదువనుకునేరు. టౌను ఆసుపత్రిలో ఆరు నెలలు నేర్చుకున్న సూది మందు, పురుడు, పుండుకు కట్టు, అంతే. మా ఊళ్ళో ఎనిమిదేళ్ళు దాటిన ఏ పిల్లకీ తెల్లటి పన్ను లేదు. నలభై దాటితే మోకాళ్ళు బిగుసుకుంటాయి, యాభై దాటితే నడుం వంగుతుంది. అయిదేళ్ళ కిందట ఊరందరినీ కూర్చోబెట్టి, ఇదంతా మన ఊట నీళ్ళ వల్లేనని చెప్పింది నేనే. రాళ్ళు పేర్చి, సున్నం మెత్తి, ఆ ఊటని మూయించింది కూడా నేనే. అప్పట్నుంచీ ఆడవాళ్ళం మేకల కనుమ దాటి అవతలి ఊట నుంచి కావిళ్ళతో నీళ్ళు మోస్తున్నాం. మగవాళ్ళు, మా ఆయన జోంగ్‌హైతో సహా, అక్కణ్ణుంచి ఊళ్ళోకి రాతిలో కాలవ తొలుస్తున్నారు. మూడేళ్ళ పని. నేనిప్పుడు చెప్పబోయే రోజుకి మర్నాటి మధ్యాహ్నమే నీళ్ళు ఊళ్ళోకి రావాలి, విందు కూడా ఉంది.

ఇక అసలు సంగతి.

పొద్దుట్నుంచీ వాన. మొక్కజొన్న కోతలప్పుడు మా గ్వీజౌ కొండల్లో ఎండ కాస్తే వింత గానీ వాన కురిస్తే కాదు. అందుకే మా కంకులు బయట ఎండవు. పొయ్యికి పైన అటక కట్టి, దాని మీద పరిచి, నెలల తరబడి ఆ సెగకే ఎండబెడతాం. అటక కింద దూలాలకి మిరపకాయల దండలు. పొగగొట్టం ఉండదు. పొగ బయటికి పోతే వేడి కూడా దాంతోనే పోతుందని మా లెక్క.

డాక్టర్ షెన్ లోపలికొచ్చేసరికి మా అత్త పొయ్యి పక్కన పీట మీద కూర్చుని బొగ్గుపొడిలో పసుపుపచ్చ బంకమట్టి కలిపి ముద్దలు చేస్తోంది. తల ఎత్తలేదు. ఎత్తలేదు మరి. పదకొండేళ్ళుగా ఆమె మొహం నేలకేసే ఉంది. మెడ తిరగదు, నడుం లేవదు. మనుషుల్ని కాళ్ళని బట్టి గుర్తు పడుతుంది.

"తోలు బూట్లు. లేసులు కొత్తవి," అంది. "డాక్టరమ్మేనా?"

"నేనే అవ్వా."

"ఆ బూట్లతో మా కొండలెక్కితే రెండు నెలల్లో అడుగులూడతాయి. నా మాట విని గడ్డి చెప్పులు కొనుక్కో."

డాక్టర్ షెన్ నవ్వి, వచ్చి తిన్నగా మట్టి నేల మీద కూర్చుంది. యాభై ఏళ్ళ మనిషి, పెద్ద పరిశోధన శాఖలో పనిచేసే మనిషి, మసి అంటుతుందని కూడా చూడకుండా మా అత్త మొహానికి ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఆ ఒక్క పనితో ఆమె మీద నాకు గౌరవం పుట్టింది. మా టౌను నుంచి వచ్చినవాళ్ళందరూ నిలబడే మాట్లాడేవాళ్ళు, మా అత్త వాళ్ళ ప్యాంట్లకి జవాబు చెప్పేది.

"అవ్వా, మీ ఎముకలు చూస్తారా?"

"నా ఎముకలు నేనెట్లా చూస్తానే తల్లీ? అవి చూడ్డానికి వేరేవాళ్ళకి కూడా నేను చచ్చిన తర్వాతే కదా వీలవుతుంది."

డాక్టర్ షెన్ నన్ను తెల్ల పింగాణీ బేసిను తెమ్మంది. వాకిలి వెలుతురు పడేచోట, మా అత్త కాళ్ళ దగ్గరే దాన్ని బోర్లించి, కవర్లోంచి ఎక్స్‌-రే తీసి దాని మీద పరిచింది. అంతకు నెల ముందు మా అత్తని లారీలో టౌనుకి తీసుకెళ్ళి తీయించిన ఫొటో అది. నేనూ వంగి చూశాను.

అమ్మో! నేను అంతకుముందు పాఠాల పుస్తకంలో ముంజేతి ఎముకలు చూశాను. బూడిద రంగులో, సన్నగా, రెండు ఎముకలు పక్కపక్కన, మధ్యలో ఖాళీ. ఇక్కడ ఖాళీ లేదు. రెండు ఎముకలూ సున్నం కొట్టిన గోడంత తెల్లగా మెరుస్తున్నాయి. ఒకదానికొకటి ఎదురుగా ముళ్ళు మొలిచి, కొన్ని చోట్ల ఆ ముళ్ళు కలిసిపోయి ఉన్నాయి. ఇంకో ఫొటోలో వెన్నెముక. పూసకీ పూసకీ మధ్య సందు లేకుండా అంతా పోత పోసినట్టు ఒక్కటే కడ్డీ. బతికున్న మనిషి ఒంట్లో, మాకెవరికీ తెలియకుండా, మూడు పూటలా మాతో కూర్చుని తింటున్న మనిషి ఒంట్లో ఇంత పని జరిగిందా అని నాకు ఒళ్ళు జలదరించింది. భయంగా ఉంది. అబద్ధమెందుకు, చూస్తూనే ఉండాలనిపించేంత అందంగా కూడా ఉంది.

"ఇది నేనేనా?" అంది మా అత్త. చాలాసేపు చూసింది.

"మీరే. మామూలు ఎముక కన్నా మీ ఎముక బరువెక్కువ అవ్వా. రాయిలా తయారైంది."

"చూశావటే యుంజీ, పెళ్ళినాడు మీ మామ నన్ను బక్కదన్నాడు. బతికుంటే చూపించేదాన్ని."

నాకు నవ్వు రాలేదు. "మా ఊట నీళ్ళే కదూ ఇంత పని చేసింది?" అని అడిగాను. అయిదేళ్ళుగా నాకు తెలిసిన జవాబే కదా, ఆమె నోటితో కూడా వినాలని.

డాక్టర్ షెన్ జేబులోంచి మడిచిన కాగితం తీసింది. వెంటనే చదవలేదు.

"నీళ్ళు కాదు యుంజీ. మీ పాత ఊట శుభ్రంగా ఉంది. అవతలి ఊట కూడా అంతే శుభ్రంగా ఉంది. ఈ జబ్బు తెచ్చే ఫ్లోరైడ్ రెండింట్లోనూ లేనట్టే లెక్క. వేరే ఊళ్ళలో నీళ్ళ వల్లే వస్తుంది, నిజమే. మీకు మాత్రం కాదు."

కొండను తవ్వి ఎలుకను పట్టడం మీరు వినే ఉంటారు. మేం మూడేళ్ళు కొండను తవ్వితే ఎలుక కూడా దొరకలేదు. మా ఆయన అరచేతుల్లో పుండు మానక ముందే మళ్ళీ పుండు. వంగిన నడుంతో, నేలనే చూస్తూ, ఎముకలు రాయైపోయిన ఈ ముసల్ది నా మాట నమ్మి ఏళ్ళ తరబడి కనుమ దాటి నీళ్ళు తెచ్చింది. పాత ఊట నీళ్ళు చుక్క ముట్టలేదు. సిగ్గుతో నాకు చెవులు మండిపోయాయి.

"మరి ఎక్కణ్ణుంచి?" అన్నాను.

డాక్టర్ షెన్ చెయ్యెత్తి ముందు మా అత్త చేతిలోని ముద్దని చూపించింది. తర్వాత పొయ్యిని. తర్వాత పైకి, అటకని, మిరపకాయల్ని.

"మీరు బొగ్గులో కలిపే ఈ మట్టిలో ఉంది. బొగ్గులో కూడా ఉంది గానీ మట్టిలో మరీ ఎక్కువ. కాలినప్పుడు పొగతో పైకి లేస్తుంది. పైన తడి కంకులు, తడి మిరపకాయలు. అవి నెలల తరబడి ఆ పొగ తాగుతాయి. తర్వాత మీరు వాటిని తింటారు. నేను పట్టుకెళ్ళి పరీక్ష చేయించిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఎందులో ఉందో తెలుసా? మీ ఇంటి మిరపకాయల్లో."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆరు నెలల చదువుతో నేనేం పట్టను?

మా అత్త చేతిలో ముద్ద పొయ్యిలోకి విసిరింది. నిప్పురవ్వలు లేచాయి.

"నీళ్ళన్నావు," అంది. డాక్టరమ్మతో కాదు, నాతో. "సరేనన్నాను. ఇప్పుడు నిప్పంటున్నారు. రేపు గాలంటారు. ఎల్లుండి ఊపిరే తియ్యద్దంటారు. ఏం తిని బతకమంటావే మమ్మల్ని? మట్టి తినమంటావా?"

"అత్తా..."

"మట్టే తింటున్నారవ్వా," అంది డాక్టర్ షెన్ మెల్లిగా.

"నువ్వుండు డాక్టరమ్మా! నా మిరపకాయల మీద చెయ్యి పెట్టకు. ఈ ఊళ్ళో కొత్త కోడలు ఏ గడప తొక్కినా మొదటి దండ నాది. నేను ఎండబెట్టినట్టు ఎవరు ఎండబెడతారు? తొడిమ గలగలలాడాలి. బూడిదలో పెట్టి కాల్చి, చేత్తో నలిపితే పక్కింట్లో తుమ్మాలి. కడగను కూడా కడగను, కడిగితే రుచి పోతుందని. ఇది కడుపుతో ఉన్నప్పుడు," అని నా కాళ్ళకేసి చెయ్యి చూపించింది, "అన్నం సయించక పడుంటే ఏం పెట్టి బతికించాను? మాన్‌మాన్‌కి పాలు మాన్పించినప్పుడు నాలిక మీద ఏం రాశాను?"

ఆ మాట నోట్లోంచి రాగానే, నా కాళ్ళకేసి చాపిన చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

మాన్‌మాన్ నా కూతురు. అయిదేళ్ళది. గుమ్మం దగ్గర కూర్చుని కోడికి నూకలు వేస్తోంది. డాక్టర్ షెన్ దాన్ని పిలిచి, నోరు తెరవమని, చిన్న టార్చి వేసి చూసింది. తెల్లటి పాలపళ్ళు, బియ్యపు గింజల్లా.

"ఇవి ఊడిపోయేవి," అంది. "అసలు పళ్ళు చిగుళ్ళ లోపల ఇప్పుడే తయారవుతున్నాయి. ఎముకలు కూడా. ఇప్పుడు దీని ఒంట్లోకి వెళ్ళింది వెళ్ళినట్టు అక్కడే కూర్చుంటుంది. వంగిపోయినవాళ్ళని మళ్ళీ నిలబెట్టే మందు నా దగ్గర లేదవ్వా. దీన్ని వంగకుండా చూడొచ్చు. ఈ చలికాలం నుంచే ఆపాలి. వచ్చే ఏడు చూద్దామంటే మాత్రం కుదరదు."

మా అత్త పొయ్యికేసి చూస్తూ ఉండిపోయింది. పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు. తిడుతుందనుకున్నాను. కావాలంటే చెప్పు తీసుకుని కొట్టినా నాకు బాగానే ఉండేది.

"నేను కాపరానికొచ్చినప్పుడు," అంది కాసేపటికి, వేరే గొంతుతో, "ఈ పొయ్యిలో బొగ్గు లేదు."

"ఏంటత్తా?"

"కట్టెలు. ఈ కొండల నిండా చెట్లే కదే అప్పుడు. మా అత్త ఎనభై ఏళ్ళప్పుడు మేకల వెనకాల పరిగెత్తేది. ఇదే ఊట నీళ్ళు తాగింది. నువ్వు మూయించావే, అదే ఊట. చచ్చేదాకా ఆవిడ నడుం కర్రలా ఉంది." ఆగింది. "తర్వాత ఊరూరా కొలుములు పెట్టి ఇనుము కరిగించాలని సర్కారు హుకుం వేసిన ఏడు వచ్చింది. ఆ కొలుముల్లో వెయ్యడానికి చెట్లన్నీ కొట్టేశారు, మేమే మోశాం. ఆ చలికాలం కాల్చుకోడానికి పుల్ల లేదు. కొండ కింద బొగ్గు తవ్వి తెచ్చుకున్నాం. ఉత్త పొడి బొగ్గు జారిపోతోందని మట్టి కలపడం నేర్చుకున్నాం. ఆ తర్వాత పుట్టిన పిల్లలకే పళ్ళు నల్లబడ్డాయి. అవునే. మీ ఆయనకి ముందు పుట్టిన పెద్దదానికి తెల్లటి పళ్ళు. మీ ఆయనకి నల్లవి."

డాక్టర్ షెన్ రాసుకోడానికి తీసిన పెన్ను అలాగే పట్టుకుని ఉండిపోయింది. "పన్నెండేళ్ళుగా ఈ సంగతి వెతుకుతున్నాం అవ్వా," అంది. "మీరు పీట మీద కూర్చుని చెప్పేశారు."

"నన్నెవరడిగారు?" అంది మా అత్త.

నిజమే. ఊళ్ళో ప్రతి నూతినీ, ప్రతి వాగునీ సీసాల్లో పట్టాను. చలికాలం కొత్త నిప్పు రాజేసిన సంవత్సరం ఎరిగిన మనిషి నా ఇంట్లోనే ఉంది, నా చేతి అన్నమే తింటోంది. ఆమెని ఒక్క మాట అడగలేదు. ఆ క్షణంలో ఆమె ముందు నాకు సాష్టాంగపడాలనిపించింది. సిగ్గేసి పడలేదు.

"యుంజీ," అంది మా అత్త, "నాకు అటక చూపించు."

"ఎట్లాగత్తా?"

"వెల్లకిలా పడుకోబెట్టు. ఏం, పురుళ్ళు పోసే చేతులే కదా!"

ఆమెని వెల్లకిలా తిప్పడం మామూలు పని కాదు. నడుం చాపుకోదు, అందుకే ఎప్పుడూ పక్కకి ముడుచుకునే పడుకుంటుంది. రెండు బొంతలు చుట్టగా చుట్టి వీపు కింద పెట్టాం. నేను భుజాలు పట్టాను, డాక్టర్ షెన్ మోకాళ్ళు పట్టింది. మెల్లగా వెనక్కి వాల్చేసరికి కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి.

"అయ్యో అయ్యో, పరువు తీశారు కదే! డాక్టరమ్మా, ఇది కూడా నీ కాగితంలో రాసేస్తావా?" అని నవ్వుతూ అరిచింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

పదకొండేళ్ళ తర్వాత మా అత్త పైకి చూసింది.

మసి పట్టి నిగనిగలాడే దూలాలు. వాటి మధ్య పచ్చటి కంకుల వరస. దాని కింద వంద దండలు, ఎర్రగా, పొగలో కొద్దిగా ఊగుతూ. కింద మంట పెరిగినప్పుడల్లా ఒక్కో కాయ మీద వెలుగు పాకుతోంది. నేను రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం ఆమె కళ్ళతో చూశాను. ఇంత పంట, ఇంత కష్టం, ఇంత ఎరుపు. అందులో దాక్కుని ఇన్నేళ్ళు మమ్మల్ని ఎముక ఎముకా రాయి చేసింది కూడా అక్కడే ఉంది. ఎక్కడా కనపడదు, వాసన లేదు, రుచి లేదు.

"అబ్బ," అంది మా అత్త. కంటి చివర్నుంచి నీళ్ళు చెవిలోకి కారాయి. "ఎంత బాగున్నాయే!"

మేమిద్దరం ఆమెని అలాగే పట్టుకుని ఉన్నాం. చేతులు నొప్పి పుట్టినా కదల్లేదు.

"సరే," అంది చివరికి. "దించెయ్యండి. అన్నీ."

నిచ్చెన వేసి దించాం. కంకులు కడుక్కుని తినొచ్చు, ఈ చలికాలం నుంచే పొయ్యికి గొట్టం పెట్టి పొగ బయటికి పంపాలి అంది డాక్టర్ షెన్. మిరపకాయలు మాత్రం పూడ్చిపెట్టమంది. గంపలకెత్తి ఇంటి వెనక గట్టు కింద కుమ్మరించి, పార కోసం లోపలికొచ్చాను. పార ఎక్కడో పెట్టి ఇంకెక్కడో వెతికే అలవాటు నాది. నిచ్చెన సర్ది, పార దొరికి, వెనక్కి వెళ్ళేసరికి గట్టు కింద ఒక్క దండ లేదు. తడి మట్టిలో తొక్కిన అడుగులు మాత్రం ఉన్నాయి, పదిమందివైనా ఉంటాయి.

గోడ అవతల్నుంచి మా ఊరి పెద్ద పాంగ్ దహౌ భార్య గొంతు వినిపించింది. పాంగ్ పెద్ద అంటాం అతన్ని, కాలవ పని తన నెత్తిన వేసుకున్న మనిషి. మా అత్తకి వరసకి మరిది.

"ఏమే యుంజీ, నీకు గానీ మతి పోయిందా? అక్కయ్య మిరపకాయలు పారేస్తావా? ఇట్లాంటివి మళ్ళీ దొరుకుతాయా! మేం అందరం తలా కాస్త ఏరుకున్నాంలే. రేపటి విందుకి ఊరందరికీ సరిపోతాయి. నీ పిల్ల కోసం వెతక్కు, ఇక్కడే ఉంది. బూడిదలో కాల్చిన బంగాళాదుంప, కారంలో ముంచుకుని సుబ్బరంగా తింటోంది!"

పార అక్కడే పడేశాను. లోపలికి పరిగెత్తేసరికి మా అత్త అప్పటికే కర్ర పట్టుకుని గుమ్మం దాటుతోంది. అంతా విన్నట్టుంది.

"నువ్వుండత్తా, నేను వెళ్ళి చెప్తాను."

"నువ్వా?" అంది ఆగకుండానే. "నీళ్ళని చెప్పిన నోరు నీది. ఇప్పుడు నిప్పంటే ఎవడు నమ్ముతాడు? నా వెనకాల రా. ఆ బేసినూ ఆ ఫొటోలూ తీసుకురా."

డాక్టర్ షెన్‌తో కలిసి ముగ్గురం వానలో తడుస్తూ పాంగ్ పెద్ద ఇంటికెళ్ళాం. తలుపు తీసే ఉంది. లోపల పొగ. పొయ్యి పక్కన మాన్‌మాన్, మూతి చుట్టూ కారం, చేతిలో సగం కొరికిన దుంప. మా అత్త తిన్నగా దాని దగ్గరికెళ్ళి, చేతిలోది లాక్కుని, కారం గిన్నె ఎత్తి పొయ్యిలో కుమ్మరించింది. ఘాటుకి అందరం దగ్గాం. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

పాంగ్ పెద్ద మంచం మీద నుంచి లేచాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, నిట్టనిలువు మనిషి. నా చేతిలో ఫొటోల్నీ, నా వెనకాల డాక్టర్ షెన్‌నీ చూసి అతనికి ఏదో అర్థమైంది.

"వదినా," అన్నాడు, పళ్ళ బిగువున. "ఏం కనిపెట్టారో నాకు చెప్పద్దు. రేపు నీళ్ళొస్తున్నాయి. మూడేళ్ళు ఊరిని కొండ మీద నిలబెట్టింది నేను. ఆ కాలవ దేనికీ పనికిరాదని ఇవాళ నువ్వు అన్నావంటే, నేనింక ఈ ఊళ్ళో తల ఎత్తుకోలేను."

"కాలవ మాట నేనెత్తలేదురా," అంది మా అత్త అతని కాళ్ళకేసి చూస్తూ. "మంచి నీళ్ళొస్తాయి, తాగుతాం. మా గుమ్మంలోకే వస్తాయి, నాకు నడక తప్పుతుంది. నీకు దండం పెడతాను. నేనడిగేది ఒక్కటే. ఇందాక నన్ను ఇద్దరు పట్టుకుని తలకిందులు చేస్తే గానీ నా అటక నేను చూసుకోలేకపోయాను. నీకింకా ఆ గతి పట్టలేదు. తలెత్తి నీ అటక ఒక్కసారి చూడు. చూసి, ఈ పిల్లకి అది పెట్టమని నువ్వే చెప్పు, నేను నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

పాంగ్ పెద్ద పైకి చూడబోయాడు. గడ్డం కొద్దిగా లేచింది, అక్కడే ఆగింది. కణతల మీద నరాలు ఉబ్బాయి. ఇంకోసారి ప్రయత్నించాడు. కళ్ళు మాత్రమే పైకి వెళ్ళాయి, మెడ వెళ్ళలేదు. గరిటె పట్టుకున్న అతని భార్య నోరు తెరుచుకుని చూస్తోంది. ఒకే కప్పు కింద ఉంటున్న మనిషికి కూడా తెలియదన్నమాట.

"వదినా," అన్నాడు పాంగ్ పెద్ద, పసిపిల్లాడి గొంతుతో. "ఇంతకన్నా లేవదు."